‘వచ్చిండు’కు వ్యాకరణం ఉన్నది

కోదాడ బస్టాండులో, మిర్యాలగూడ రైసుమిల్లుల కాడ, సూర్యాపేట మార్కెట్ యార్డులో, సాగర్ హిల్ కాలనీలో పొద్దున లేచింది మొదలు జనం నోట పలికే మాట ‘వచ్చిండు’. ఆ మాటే బడి నోటుపుస్తకంలోకి ఎక్కితే మీద ఎర్రసిరా గీత పడతది. పైన ‘వచ్చాడు’ అని రాసి ఉంటది. ‘పోయిన’ను ‘వెళ్లాను’ అని, ‘వస్తది’ని ‘వస్తుంది’ అని, ‘తిన్నరు’ను ‘తిన్నారు’ అని దిద్దుతరు. దిద్దే పంతులుకు పిల్లల మీద కోపమేమీ లేదు. ఆయన చదువుకున్న రోజుల్లో ఆయన పుస్తకంలో కూడ ఇట్లనే దిద్దిన్రు. ఇంట్లో తల్లిదండ్రులు కూడ నలుగురి ముందర పిల్లల నోరు సవరిస్తరు. ఈ దిద్దుబాటు వెనుక ఒక గట్టి నమ్మకం ఉన్నది. కోస్తా మాటకు వ్యాకరణం ఉన్నది, మన మాటకు లేదు. వాళ్లది భాష, మనది యాస. ‘వచ్చాడు’ అసలు రూపం, ‘వచ్చిండు’ చెడిన రూపం.

ఈ నమ్మకం తప్పు. ఎవరి అభిప్రాయం వాళ్లదని వదిలేసే సంగతి కాదిది, ఎందుకంటే దీన్ని పరీక్షించొచ్చు. క్రియలను కాలాల వారీగా, పురుషల వారీగా వరసపెట్టి రాసి చూస్తే ఎవరి మాటలో ఎంత క్రమం ఉన్నదో కండ్లకు కనపడతది. ఈ వ్యాసంలో ఆ పనే చేస్త. నా వాక్యాల్లో క్రియలను మా ఇంటి రూపాల్లోనే రాస్తున్న. వాదం నిలబడితే ఆ రూపాలతోనే నిలబడాలె.

అవతలి పక్షం వాదాలు నాలుగు. ‘వచ్చిండు’ అనేది ‘వచ్చాడు’కు వికృతి అనేది మొదటిది. నిజాం కాలంలో ఉర్దూ కలిసి మన తెలుగు చెడిందనేది రెండోది. ఈ రూపాల్లో మర్యాద లేదనేది మూడోది. పుస్తకాలకు, పరీక్షలకు ఒక ప్రమాణం ఉండాలె కాబట్టి మిగిలినవన్నీ తప్పుల కింద లెక్క అనేది నాలుగోది. ఒక్కొక్కదాన్నే తీసుకుంట.

మొదటి వాదానికి ‘వచ్చు’ క్రియే సరైన పరీక్ష. తెలుగులో ఇంత క్రమం తప్పిన క్రియలు చాల తక్కువ. పిలిచేటప్పుడు ‘రా’ అంటం. జరిగిపోయినదానికి ‘వచ్చి’ అనే రూపం మీద కడతం. జరగబోయేదానికి ‘వస్త’ అంటం. లేదనడానికి మళ్లీ ‘రా’ దగ్గరికే పోయి ‘రాను, రావు, రాడు’ అంటం. తెలుగు కొత్తగా నేర్చుకునే వాళ్లు ఇక్కడే తడబడతరు.

ఇట్లాంటి తడబాటు చాల పెద్ద భాషల్లో ఉన్నది. స్పానిష్‌లో రావడాన్ని ‘వెనీర్’ అంటరు. వర్తమానంలో నేను అనేదానికి అది ‘వెంగో’ అవుతది, భూతకాలంలో ‘వీనె’ అవుతది, భవిష్యత్తులో ‘వెంద్రె’ అవుతది. పోవడాన్ని ‘ఈర్’ అంటరు. దాని రూపాలు ‘వోయ్’, ‘ఈబా’, ‘ఫుయ్’. ఒకదానికొకటి పోలికే ఉండదు. ఇంగ్లీషులో ‘గో’ భూతకాలంలో ‘వెంట్’ అయ్యింది. ఎక్కడ చూసినా రావడం, పోవడం, ఉండడం, ఇయ్యడం వంటి నిత్యం నోట్లో నానే క్రియలే క్రమం తప్పి ఉంటయి. దానికి కారణం ఉన్నది. అరుదుగా వాడే క్రియను మనిషి సూత్రం ప్రకారం కట్టుకుంటడు, అందుకని అది కాలక్రమంలో సూత్రానికి లొంగిపోతది. రోజూ వాడే క్రియ రూపాలు చిన్నప్పుడే పూర్తిగా నాలుక మీదికి ఎక్కుతయి. అందుకని వాటిలో వందల ఏండ్ల నాటి అచ్చు అట్లనే మిగిలిపోతది. క్రమం తప్పిన రూపం భాష చెడిందని చెప్పదు. ఆ మాట పాతదనీ, జనం దాన్ని ఎన్నడూ విడిచిపెట్టలేదనీ చెప్తది.

‘రా’, ‘వచ్చు’ అనే రెండు ముఖాల వెనుక కూడ ఒక కథ ఉన్నది. తమిళంలో ‘వా’, ‘వరు’, ‘వందాన్’ ఉన్నయి. కన్నడంలో ‘బా’, ‘బరు’, ‘బంద’ ఉన్నయి. ఈ కుటుంబమంతటికీ మూలం ఒక్కటే. తెలుగులో మాట మొదట్లో ఉన్న అచ్చు, దాని వెనుక ఉన్న హల్లు తావులు మార్చుకునే అలవాటు ఒకప్పుడు బలంగ ఉండేది. తమిళం ‘ఉరల్’ మనకు రోలయ్యింది. తమిళం ‘ఇరండు’ మనకు రెండయ్యింది. తమిళం ‘మరం’ మనకు మ్రాను అయ్యి, ఆ తర్వాత మాను అయ్యింది. ‘వర’ అనేది అదే దారిలో ‘వ్రా’ అయ్యి, ‘వ్రాయు’ ‘రాయు’ అయినట్టే ‘రా’గా మిగిలింది. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రజ్ఞులు ఈ మార్పును సూత్రబద్ధంగ వివరించిన్రు. తెలుగు క్రియల ధాతువుల మీద ఆయన పుస్తకం 1961లో వచ్చింది. ఆ లెక్కన ‘రా’, ‘వచ్చు’ ఒక్క వేరు నుంచి మొలిచినవే. ఈ వేరు మీద కృష్ణకు ఇవతలి గట్టుకు ఎంత హక్కు ఉన్నదో అవతలి గట్టుకూ అంతే ఉన్నది.

ఇక రెండు రకాల రూపాలను పక్కపక్కన పెడదాం. భూతకాలంలో కోస్తా వరస ఇది: వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. సూర్యాపేట వరస ఇది: వచ్చిన, వచ్చినం, వచ్చినవు, వచ్చిండు, వచ్చింది, వచ్చిన్రు, వచ్చినయి. మొదటి వరసలో ప్రతి రూపంలోనూ ‘ఆ’ వినపడతది, ఒక్క ‘వచ్చింది’లో తప్ప. అక్కడ మాత్రం ‘ఆ’ పోయి ‘ఇం’ వచ్చింది. రెండో వరసలో మొదటి నుంచి చివరి దాకా ‘ఇన’ ఉన్నది. ఒక్క చోట కూడ తెగలేదు. వచ్చిన అనే రూపానికి ‘ది’ చేరితే వచ్చినది, అది కుదించుకుపోయి ‘వచ్చింది’. అదే రూపానికి ‘డు’ చేరితే వచ్చినడు, అది కుదించుకుపోయి ‘వచ్చిండు’. అదే రూపానికి ‘రు’ చేరితే వచ్చినరు, అది ‘వచ్చిన్రు’. కొన్ని ఊర్లల్ల అది ‘వచ్చిండ్రు’.

‘వచ్చింది’ అనే రూపాన్ని శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరూ ఒప్పుకుంటరు. దాన్ని ఏ పంతులూ దిద్దడు. ‘వచ్చిండు’ పుట్టింది అక్షరాల ఆ సూత్రం మీదనే. ఆడమనిషి వస్తే ఒప్పయిన సూత్రం మగమనిషి వస్తే తప్పెట్ల అయితది? ‘వచ్చింది’కి సున్న మార్కులు వేసే వ్యాకరణవేత్త ఎవరైనా ఉంటే ‘వచ్చిండు’ను కొట్టేసే హక్కు ఆయనకుంటది. అట్లాంటి వ్యాకరణవేత్త తెలుగులో పుట్టలేదు.

‘వచ్చాడు’ కూడ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కావ్యభాషలో ‘వచ్చినాఁడు’ ఉన్నది. రాయలసీమలో ఇప్పటికీ ‘వచ్చినాడు’ అంటరు. ఆ రూపంలోని నకారం జారిపోతే కోస్తా ‘వచ్చాడు’ వచ్చింది. నకారం నిలిచి దాని పక్కనున్న అచ్చు జారిపోతే తెలంగాణ ‘వచ్చిండు’ వచ్చింది. రెండూ ఒకే ‘ఇన’కు వారసులు. ఒకటి ఇంకొకదానికి చెడిన రూపమనడానికి చరిత్రలో ఆధారం లేదు. పాత నకారాన్ని దాచుకున్నది ఎవరని అడిగితే మాత్రం జవాబు సూర్యాపేట వైపే ఉన్నది.

ఆ నకారం కోస్తా వాళ్లకు కూడ పూర్తిగా పోలేదు. తిను, విను, అను, కను వంటి క్రియలను చూడాలె. అక్కడ కోస్తా వాళ్లు ‘తిన్నాడు, విన్నాడు, అన్నాడు’ అంటరు. తినినాడు కుదించుకుపోయి తిన్నాడు అయినప్పుడు ‘ఇన’లోని న అక్కడ బతికింది. మన దగ్గర అవే ‘తిన్నడు, విన్నడు, అన్నడు’. అంటే ఒకే నకారం కోస్తాలో కొన్ని క్రియల్లో మిగిలింది, మన దగ్గర అన్ని క్రియల్లోనూ మిగిలింది.

జరగబోయేదాన్ని చెప్పే వరస కూడ ఇదే సాక్ష్యం చెప్తది. కోస్తాలో వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు, వస్తాయి అని నడిచి, ఒక్క చోట ‘వస్తుంది’ అని మలుపు తిరుగుతది. మన దగ్గర వస్త, వస్తవు, వస్తడు, వస్తది, వస్తరు, వస్తయి. ‘వస్త’ మారదు, దాని వెనుక పురుషను చెప్పే గుర్తు మాత్రమే మారుతది. పో, తిను, చెయ్యి అనేవాటికి కూడ ఇంతే. పోతడు, పోతది, పోతరు. తింటడు, తింటది, తింటరు. చేస్తడు, చేస్తది, చేస్తరు. తెలుగు రానివాళ్లకు ఈ వరస ఒక్క పూటలో నేర్పొచ్చు. వ్యాకరణం లేదని పేరు పడ్డ మాట ఇది.

కోస్తా రూపాలను తక్కువ చెయ్యడానికి ఈ మాటలు రాయడం లేదు. ‘వచ్చాడు’ మంచి తెలుగు. ‘వస్తుంది’ మంచి తెలుగు. దాంట్లో ఒక మలుపు ఉన్నంత మాత్రాన అది చెడిపోలేదు. నేను చెప్పేది ఒక్కటే: క్రమబద్ధతే ఒప్పుకు కొలత అని అనేవాళ్లు ఆ కొలతను రెండు వైపులా పెట్టి చూడాలె. పెట్టి చూస్తే ఎర్రసిరాకు మన పిల్లల పుస్తకంలో పని లేదు.

ఇంకొక ఆక్షేపణ కూడ ఉన్నది. ‘నేను వచ్చిన’ అంటే వాక్యం అయిపోయినట్టు ఉండదని, ‘వచ్చిన మనిషి’ అన్నట్టు సగంలో ఆగినట్టు ఉంటదని అంటరు. ఒకే రూపం రెండు పనులు చెయ్యడం భాషలో మామూలు సంగతి. ‘రావు’ అనే రూపాన్ని చూడాలె. ‘నువ్వు రావు’ అంటం, ‘అవి రావు’ అంటం. మొత్తం తెలుగుదేశం ఈ రెండింటినీ ఒకే రూపంతో చెప్తది. ఎవరికీ అయోమయం లేదు, ఎందుకంటే కర్త ముందరే ఉన్నది. ‘నేను వచ్చిన’లో కూడ కర్త ముందరే ఉన్నది. స్పానిష్‌లో ‘ఫుయ్’ అంటే నేను పోయిన అని అర్థం, నేను ఉంటిని అని కూడ అర్థం. రెండు వేరువేరు క్రియలకు భూతకాలంలో ఒకే రూపం. కోట్లమంది ఆ భాషతో రాజ్యాలు నడుపుతున్నరు, నవలలు రాస్తున్నరు.

రెండో వాదం ఉర్దూ గురించినది. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు చెప్పింది ఉర్దూలోనే. తెలుగు బడులు తక్కువ. తెలుగుకు అన్యాయం జరిగిందనేది నిజం. ఆ అన్యాయం మీద మన పెద్దలు గ్రంథాలయాలు పెట్టి, పత్రికలు పెట్టి కొట్లాడిన్రు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిండు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పిండు. మాట అన్న వాళ్లను తిట్టకుండ సాక్ష్యం పెట్టి ఖండించడం ఆయన నేర్పిన పద్ధతి.

ఆ పద్ధతిలోనే ఉర్దూ సంగతి చూద్దాం. దవాఖాన, జరూర్, తయార్, పరేషాన్ మన మాటలో ఉన్నయి. ఇవన్నీ నామాలు, విశేషణాలు, క్రియావిశేషణాలు. జిల్లా, తహసీల్దారు, కచేరి, జమీను కోస్తాలో కూడ ఉన్నయి. క్రియల చివర చేరే ఇన, త, డు, ది, రు, యి అనే గుర్తుల్లో ఉర్దూ ఎక్కడున్నది? ఉర్దూలో వచ్చిండు అనడానికి ‘ఆయా’ అంటరు. ఆ రూపానికీ మన రూపానికీ చుట్టరికమే లేదు. భాషలోకి బయటి పేర్లు సులువుగ వస్తయి, క్రియ చివరి గుర్తులు అంత సులువుగ రావు. నామాలను చూపించి క్రియలను చెడిపోయినయనడం అన్యాయం.

మూడోది మర్యాద. ‘సారు వచ్చిండు’ అంటే సారును చిన్న చేసినట్టు అని ఆక్షేపిస్తరు. గుంటూరులోనైనా, ఏలూరులోనైనా ‘మా నాన్న వచ్చాడు’ అంటరు. ‘దేవుడు ఉన్నాడు’ అంటరు. ‘రాముడు అడవికి వెళ్లాడు’ అని పుస్తకాల్లోనే ఉన్నది. అక్కడ ఏకవచనం దగ్గరితనం, ఇక్కడ ఏకవచనం అమర్యాద ఎట్ల అయితది? మర్యాద చూపాలనుకుంటే మన దగ్గర ‘సారు వచ్చిన్రు’ ఉన్నది, ‘రాండ్రి, కూసోండ్రి’ ఉన్నయి. పెద్దమనిషిని ‘నాయినా’ అని, పెద్దావిడను ‘అవ్వా’ అని పిలిచి ఆ పిలుపులోనే గౌరవం పెట్టే అలవాటు ఉన్నది. మర్యాదకు ప్రతి ప్రాంతం తన దారి తాను వేసుకున్నది. ఒక ప్రాంతం కొలతతో ఇంకొక ప్రాంతం మనసును కొలవొద్దు.

‘పోవు’ మీద కూడ ఇదే పేచీ. ఊరికి పోయిన అంటే మోటు, వెళ్లాను అంటే నాగరికం అంటరు. తమిళంలో ‘పో’ ఉన్నది, కన్నడంలో ‘హోగు’ ఉన్నది. చాల ద్రావిడ భాషల్లో ఉన్న ప్రాచీనమైన క్రియ ఇది. కోస్తాలో చావుకు, నష్టానికి ఆ మాటను ఎక్కువగ వాడడం వల్ల వాళ్లకు అది అశుభంగ వినపడతదేమో. ఆ భయం మన మీద రుద్దడానికి కారణం లేదు. మన అవ్వలు బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు ‘పోయి రా బిడ్డా’ అని దీవించిన్రు.

నాలుగో వాదం ప్రమాణభాషది. దీనికి బలం ఉన్నది కాబట్టి నిలబడి జవాబు చెప్పాలె. శ్రీకాకుళం పిల్లలు, అనంతపురం పిల్లలు, కోదాడ పిల్లలు చదివే పుస్తకాలకు, పత్రికలకు అందరికీ తెలిసిన రూపం ఒకటి ఉంటే మేలు. ఆ మాట ఒప్పుకుంట. అయితే అందరికీ తెలిసిన రూపం కావడం వేరు, అదొక్కటే ఒప్పయిన రూపం కావడం వేరు. ‘వచ్చాడు’ ఎట్ల అందరికీ తెలిసిందో చరిత్రలో ఉన్నది. అచ్చుయంత్రాలు మద్రాసులో, బెజవాడలో, రాజమండ్రిలో ముందు వచ్చినయి. పత్రికలు అక్కడ పెరిగినయి. సినిమా మద్రాసులో ఎదిగింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరుల మాట అచ్చులోకి, తెర మీదికి ముందు ఎక్కింది. దాన్ని శిష్ట వ్యావహారికం అన్నరు. ఈ గెలుపులో వ్యాకరణం చేసిన పని ఏమీ లేదు. కృష్ణమూర్తి తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలని నాలుగుగ విభజించినప్పుడు మధ్య మండలం మాట ప్రమాణభాషకు ఆధారమైందని గుర్తించిండు. మిగతా మూడు తప్పులని ఆయన ఎక్కడా అనలేదు.

ఈ పోరాటం ఇంతకు ముందు ఒకసారి జరిగింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో క్రియలకు ఒక పరిచ్ఛేదమే ఉన్నది. ఆ పుస్తకం గొప్పది, కానీ లక్షణానికి విరుద్ధమైనదంతా గ్రామ్యమని అది గీసిన గీత వెనుక యాభై ఏండ్లు జనం మాట బడి బయటనే నిలబడ్డది. గిడుగు రామమూర్తి పంతులు ఆ గీతను చెరిపిండు. జనం నోట్లో ఉన్న రూపాలకు కూడ వ్యాకరణం ఉన్నదని శాసనాలు, వ్యాఖ్యానాలు తిరగేసి సాక్ష్యాలతో చూపించిండు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన అసమ్మతి పత్రంలో అదే వాదాన్ని వినిపించిండు. అవతల జయంతి రామయ్య పంతులు వంటి పండితులు నిలబడ్డరు. వ్యవహార భాషను రానిస్తే భాష చెడిపోతదన్నరు, జిల్లాకొక తీరు అవుతదన్నరు, ప్రమాణం ఉండదన్నరు. ఇయ్యాల ‘వచ్చిండు’ మీద వినపడే మాటలు సరిగ్గ అవే. ఆనాడు ‘వచ్చాడు’ గ్రామ్యమని కొట్టేసిన్రు, ‘వచ్చెను’ రాయమన్నరు. గిడుగు గెలిస్తే వచ్చిన లాభాన్ని తీసుకొని, ఆయన సిద్ధాంతాన్ని పక్క జిల్లాకు వర్తింపజెయ్యకపోవడం న్యాయం కాదు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నరు. సెప్టెంబర్ 9న కవి కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతున్నరు. రెండు దండలు వేసిన చేతులతోనే మర్నాడు ‘వచ్చిండు’ను కొట్టేస్తున్నరు.

స్పానిష్ ప్రపంచంలో ఇట్లాంటి పోరాటమే జరిగింది. స్పెయిన్‌లో దగ్గరి మనిషిని ‘తూ’ అని పిలుస్తరు, రమ్మనడానికి ‘వెన్’ అంటరు. అర్జెంటీనాలో ‘వోస్’ అని పిలుస్తరు, రమ్మనడానికి ‘వెనీ’ అంటరు. క్రియ చివరి గుర్తులే మారిపోతయి. ‘నీకు ఉన్నది’ అనడానికి స్పెయిన్‌లో ‘తియెనెస్’, అర్జెంటీనాలో ‘తెనేస్’. ఈ ‘వోస్’ స్పెయిన్ నుంచి ఓడల్లో పోయిన పాత మాటే. స్పెయిన్ మరిచిపోయింది, వాళ్లు దాచుకున్నరు. అయినా దాన్ని తప్పని బడుల్లో దిద్దిన్రు. 1847లో అమెరికా ఖండం వాళ్ల కోసం స్పానిష్ వ్యాకరణం రాసిన అంద్రెస్ బెయో అంతటి పండితుడు కూడ దాన్ని విడిచిపెట్టమన్నడు. 1941లో స్పెయిన్ పండితుడు అమెరికో కాస్త్రో బ్యూనస్ ఏర్స్ మాటలో అరాచకం ఉన్నదని పుస్తకం రాస్తే అర్జెంటీనా రచయిత బోర్హెస్ అదే ఏడాది గట్టిగ ఖండించిండు. చివరికి 1982లో అర్జెంటీనా సాహిత్య అకాడమీ ‘వోస్’ రూపాలను న్యాయమైనవని ఒప్పుకున్నది. 2009లో స్పానిష్ అకాడమీలన్నీ కలిసి తెచ్చిన పెద్ద వ్యాకరణం వాటికి చోటిచ్చింది. స్పానిష్ చెడిపోలేదు. రెండు రూపాలు తెలిసినందుకు ఆ పిల్లలు వెనుకబడలేదు. అమెరికాలో స్థిరపడ్డ మన ఉమ్మడి నల్లగొండ జిల్లా కుటుంబాల పిల్లలు అక్కడి హైస్కూళ్లలో స్పానిష్ తీసుకుంటే ‘వెంగో, వీనె’ పట్టికలను శ్రద్ధగ నేర్చుకుంటరు. ఆ శ్రద్ధ అవ్వ మాట్లాడే ‘వచ్చిన, వచ్చినం’ పట్టికకు దక్కకపోవడం బాధగ ఉన్నది.

ఇక మన నేల సంగతి. కోదాడ దాటితే జగ్గయ్యపేట. 1956 దాకా ఆ రెండు ఊర్ల మధ్య రాజ్యాల సరిహద్దు ఉండేది. ఇటు హైదరాబాద్ రాజ్యం, అటు మద్రాసు, ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు మాగాణి అయినయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కున్నరు. రెండు రకాల క్రియలు ఒకే కాలువ గట్టు మీద, ఒకే బడి బెంచీ మీద కలిసినయి. ఇక్కడి పిల్లలు స్నేహితునితో ఒక తీరుగ, పంతులుతో ఇంకొక తీరుగ మాట్లాడతరు. దాన్ని అటూ ఇటూ కాని భాష అని వెక్కిరిస్తరు. అది వెక్కిరించేది కాదు. ఎదుటి మనిషిని బట్టి రెండు వరసల నుంచి సరైన రూపాన్ని క్షణంలో తియ్యగలగడం నైపుణ్యం. భాషాశాస్త్రంలో దాని మీద పరిశోధనలు చేస్తరు, మన బడుల్లో దానికి మార్కులు కోస్తరు.

మార్కులతో పోతే బాధ లేదు. నోరు పోతది. చెప్పాలనుకున్నది చెప్పే ముందు ఏ రూపం వాడాలెనో అని ఆగిన పిల్లవాడు, రెండుసార్లు నవ్వితే మూడోసారి చెయ్యి ఎత్తడు. బుద్ధి ఉన్న పిల్లలు తరగతి వెనుక వరసలో మౌనంగ కూసోవడానికి ఇదొక కారణమని ఈ ప్రాంతంలో బడికి పోయిన వాళ్లెవరిని అడిగినా చెప్తరు. ఆ మౌనం ఇంటికి కూడ వస్తది. చదువుకున్న కొడుకు తల్లి మాటను నలుగురిలో సవరిస్తడు, తల్లి సభల్లో మాట్లాడడమే మానేస్తది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే మల్లు స్వరాజ్యం వంటి ఆడవాళ్లు ఈ మాటతోనే ఊర్లకు ఊర్లను కదిలించిన్రు. దొరతనం మీద తిరగబడ్డ నల్లగొండ జనానికి తమ క్రియలు తక్కువవని ఎన్నడూ అనిపించలేదు. తక్కువవని నేర్పింది ఆ తర్వాతి చదువు.

రాష్ట్రం వచ్చింది, సినిమాల్లో కూడ మన మాట వస్తున్నది, ఇంకేం కావాలె అని కొందరు అంటరు. ఒకప్పుడు హాస్యగాడికి, రౌడీకి మాత్రమే ఇచ్చిన మాట 2017లో ‘ఫిదా’లో నాయిక నోట వచ్చింది. 2023లో ‘బలగం’ నిండ ఆ మాటే ఉన్నది. సంతోషమే. కానీ తెర మీద చప్పట్లు కొట్టి తరగతిలో ఎర్రగీత గీస్తే ఆ గౌరవం అలంకారం వరకే ఆగుతది. దాన్ని యాస అన్నంత కాలం అంతే. యాస అంటే గొంతు ఎత్తుపల్లాలు, పలికే తీరు. మూడు కాలాలకు, మూడు పురుషలకు, రెండు వచనాలకు తెగని వరస ఉన్నదాన్ని వ్యాకరణం అంటరు.

మన వైపు నుంచి కూడ ఒక తప్పు అభిప్రాయం ఉన్నది. తెలంగాణది వేరే భాషే అని, ‘వచ్చాడు’ అన్నవాడు మనవాడు కాడని అంటున్నరు. అదీ నిలవదు. రాను, రావు, రాడు, రాదు, రాము, రారు అనే వరసను చూడాలె. కాదనే చోట కృష్ణకు రెండు గట్ల మీద ఒక్క అక్షరం తేడా లేదు. భాషలో లోతైన చోటు అది. అక్కడ మనం ఒక్కటే. హైదరాబాద్ మాటనో, కరీంనగర్ మాటనో తెలంగాణ ప్రమాణం చేసి కోదాడ మాటను మళ్లీ కొట్టేస్తే పాత తప్పే కొత్త చేతులతో చేసినట్టు.

చెయ్యాల్సిన పని చిన్నదే. ఆరో తరగతి నుంచి తెలుగు వాచకంలో క్రియల పాఠం వచ్చినచోట రెండు వరసలనూ పక్కపక్కన అచ్చు వెయ్యాలె. రాయలసీమ, ఉత్తరాంధ్ర రూపాలను కూడ చేర్చితే ఇంకా మేలు. ఏది ఎక్కడి రూపమో చెప్పాలె, ఏది తప్పో చెప్పొద్దు. పరీక్షలో వ్యాసానికి, ఉత్తరానికి, సొంత అనుభవం రాసే ప్రశ్నకు ఇంటి రూపాల్లో రాసినా పూర్తి మార్కులియ్యాలె. దరఖాస్తుకు, పత్రికా ప్రకటనకు అందరికీ తెలిసిన రూపాలను నేర్పాలె, అవి అదనంగ నేర్చుకునేవని చెప్పి నేర్పాలె. ఉపాధ్యాయ శిక్షణలో గిడుగు పేరుతో పాటు ఆయన పద్ధతిని కూడ పాఠంగ పెట్టాలె. భాషా పండితులు తమ ఊరి క్రియలను పట్టికలు కట్టి రాయడం మొదలుపెడితే, పది మండలాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే, మన భాష చరిత్రకు ఎంతో సామగ్రి అయితది. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగాల్సిన పని కూడ లేదు. రేపు పొద్దున ‘మా నాయిన పొలం నుంచి వచ్చిండు’ అనే వాక్యం ముందరికి వచ్చినప్పుడు, దాంట్లో అక్షరదోషం ఉంటే దిద్దాలె. క్రియను ముట్టుకోవద్దు. అది సరిగ్గనే ఉన్నది.